బావ బిగించిన బెల్టు

మొన్న ఆదివారం అశోక్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పై వాటాలో ఉండే అమ్మాయి తన కారు టైమింగ్ బెల్టు తానే మార్చుకుంటుంటే కాసేపు నిలబడి చూశాను. ఇంజన్‌లోని పళ్ళచక్రాలు కదలకుండా పట్టే పిన్నులూ, బిగువు కొలిచే రెంచీ గుడ్డమీద వరసగా పేర్చుకుంది. ఆ పొందికకు ముచ్చటపడాల్సింది పోయి, మా బావ గుర్తొచ్చి మెట్లెక్కి వచ్చేశాను.

చిక్కడపల్లిలో కిరాయికున్న రోజులవి. అక్కా బావా కింది వాటా, నేను పైన. బావదీ నాదీ ఒకే రకం సెకండ్‌హ్యాండ్ కార్లు. ఇంజన్ లోపలి భాగాలన్నీ లయ తప్పకుండా తిరిగేది ఆ రబ్బరు పట్టీ వల్లేననీ, అది తెగితే బండి ఉన్నచోటే ఆగుతుందనీ నాకు నేర్పింది బావే. నా బెల్టు పగుళ్ళిచ్చిందని చూపించి, నారాయణగూడలో కొత్తది కొనిపించిందీ ఆయనే. పాతదానిమీద నేను గుర్తుకోసం తెల్లరంగు గీత గీసి మూత విప్పుతుండగా ఆఫీసు నుంచి కబురొస్తే, పని బావకు వదిలి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి అంతా బిగించి చేతులు కడుక్కుంటున్నాడు. "అయిపోయింది పో, ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

నెల తిరగకుండానే, అక్కను సర్కారు ఉద్యోగం పరీక్షకు తీసుకుపోతుంటే హిమాయత్‌నగర్‌లో నా బండి ఆగిపోయింది. వయసు దాటిపోతున్న అక్కకు అదే ఆఖరి అవకాశం. ఆటోలో చేరేసరికి గేటు మూసేశారు. అక్క ఆ చువ్వలు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

బండిని ఇంటికి లాగించి నేనే మూత విప్పాను. తెగిన బెల్టుమీద నా తెల్లగీత ఉంది.

అడిగితే బావ దాచలేదు. "నాది దినాం వరంగల్ పోయే బండి, నీది ఊర్ల తిరిగేదాయె. ఇంకొన్నాళ్ళు ఆగుతదనుకున్న, కొత్తది నా దాంట్ల ఏసుకున్న. మీ అక్కకు చెప్పకు బామ్మర్దీ."

చెప్పలేదు. ఆయన బతిమాలినందుకు కాదు, గేటు దగ్గర నిలబడిన మనిషిమీద ఇంకో బరువు పెట్టలేక.

తర్వాత పనిముట్లు ఒక్కొక్కటే కొనుక్కుని బండి పనంతా సొంతంగా నేర్చుకున్నాను. కానీ ఒకరు టార్చి పట్టుకుంటే ఒకరు బోల్టు విప్పుతూ, నడుమ చాయ్ తాగుతూ గడిపిన ఆదివారాలు మళ్ళీ రాలేదు. బావా నేనూ కలిస్తే షుగరు గురించీ, మోకాళ్ళ గురించీ మాట్లాడుకుంటాం. బండ్ల మాట ఎత్తం. అక్క మాత్రం అప్పుడప్పుడు నవ్వుతూ, "నువ్వు జర బండి మంచిగ చూస్కునుంటే నేను ఆఫీసర్‌గ రిటైరైతుంటి గదరా" అంటుంది. పక్కనే ఉన్న బావ పేపరులోంచి తల ఎత్తడు.

అవునక్కా అంటాను నేను.