బొల్లి కింది రెప్ప

మా అత్తగారు పోయారన్న కబురు నాకు మేకల దొడ్లో అందింది. రాజమండ్రి ఆసుపత్రి నుంచి మా ఆవిడ ఫోన్ చేసేటప్పటికి నా ఎడమ చంకలో ఒక మేక తల, కుడి చేతిలో మందు గొట్టం, భుజానికీ చెవికీ మధ్య ఫోనూ ఉన్నాయి. "అమ్మ లేదండి" అంది. ఇదే అదను అనుకుని మేక నోట్లో మందంతా నా చొక్కా మీద ఉమ్మేసింది. ఈ సంగతి అత్తగారికి చెప్తే నవ్వుతారు అన్నది నాకు ముందు తట్టింది. మిగతాది ఆ తర్వాత అర్థమైంది.

మాది గోదావరి మధ్యలో లంక. ఇటు ఏరు, అటు పాయ. ఒడ్డు చేరాలంటే ఏరు దాటించే పంటు ఎక్కాలి. వరద పెరిగిందని పంటు ఆపేశారు, పడవలు గట్టుకి కట్టేసుకున్నారు. కాబట్టి అత్తగారి చితి దగ్గర నేను లేను. మేకల దగ్గర ఉన్నాను. ఆవిడని అడిగితే ఉండాల్సిన చోటే ఉన్నారని అనేవారు. అవును, "ఉన్నారు" అనే. నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి, తొమ్మిదో తరగతి రెండుసార్లు చూసొచ్చినవాణ్ణి, ఊళ్లో ఎవరి చెప్పు కనిపించకపోయినా ముందు నా మొహం చూస్తారు. అయినా మా అత్తగారు నన్ను ఏనాడూ నువ్వు అనలేదు. "అల్లుడుగారూ, మీకు బుద్ధి లేదండి" అని ఎంతో మర్యాదగా తిట్టేవారు.

ఆవిడ పుట్టింది పెద్దాపురంలో. మరిడమ్మ జాతర చూసి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. జాతర వచ్చేది ఆషాఢంలో. తొలకరి పడి, గడ్డి మొలిచి, మేకల కడుపులో పురుగు పుట్టేదీ అప్పుడే. ప్రతి ఏడూ చీర తీసి పెట్టుకునేవారు. ప్రతి ఏడూ ఏదో ఒక మేక పారుకునేది, లేదా దాని దవడ కింద నీటి సంచి వేలాడేది. "ఈ వానలు తగ్గనివ్వండి, చూద్దాం" అని చీర మళ్లీ పెట్టెలో పెట్టేసేవారు. వానలు తగ్గేసరికి జాతరా అయిపోయేది.

మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. మొదటి వాన పడిన వారం అందరూ మేకల్ని ఏటిగట్టు మీదికి తోలుకొచ్చి, ఒకే సీసా మందు, ఒకే మూత కొలత, పెద్దదానికీ పిల్లకీ పోలియో చుక్కల్లా పోసేసేవాళ్లు. ఏళ్ల తరబడి అదే మందు. ఒక ఏడు మందు పోసినా మేకలు వరసగా పడిపోయాయి. దిష్టి అన్నారు. మా అత్తగారు దిష్టీ తీశారు, పశువుల డాక్టరమ్మనీ పిలిపించారు. ఆ అమ్మాయి ఒక మేకని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బొటనవేలితో కింది రెప్ప లాగి చూపించింది. లోపల ఎర్రగా ఉండాల్సింది కాగితంలా ఉంది. కడుపులో రక్తం తాగే పురుగు ఉందనీ, దాని గుడ్లు పెంటికల్లో పడి తడి గడ్డి మీద పిల్లలవుతాయనీ, మేక మళ్లీ ఆ గడ్డే మేస్తుందనీ చెప్పింది. అన్నిటికీ మందు పోయకండి, రెప్ప పాలిపోయినవాటికే బరువును బట్టి పోయండి, లేకపోతే పురుగు ఆ మందుకి లొంగదు అంది.

వీధి ఒప్పుకోలేదు. మా అత్తగారు ఒప్పుకున్నారు. "పురుగులు కూడా మన ఊరివేనండి, ఏం పెట్టినా అలవాటు పడిపోతాయి" అన్నారు. మంచు ఆరేదాకా మేకల్ని దొడ్లోంచి వదలడం మానేశారు. అవిశాకు కోసి వేలాడగట్టి తినిపించేవారు. వేరే మేతకి తోలుదామంటే లంకలో ఎక్కడుంది? గడ్డి దాటితే నీళ్లే. "లంకలో మేకా మనమూ ఒకటేనండి, ఎటు తిరిగినా ఇక్కడికే రావాలి" అనేవారు.

ఆ మాట నాకు గుచ్చుకునేది. కాకినాడలో టిఫిన్ బండి పెట్టుకుందామని నా చిరకాలపు కోరిక. ఆ మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక మేక తుమ్మేది.

డాక్టరమ్మ పరీక్షకి పెంటికలు తెమ్మంటే నేను వాటిని పూతరేకుల డబ్బాలో సర్దాను. పంటు మీద మా ఊరి పెద్దరైతు ఒకాయన డబ్బా వంక ఆశగా చూశాడు. "తాజావండీ, తీసుకోండి" అని మూత తీసి చాచాను. ఆయన చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది. మా అత్తగారు చిరునవ్వయినా లేకుండా "ఏమనుకోకండి, మీకు పెడితే పరీక్షకి తక్కువ పడతాయి" అన్నారు. పశువుల ఆసుపత్రి గేటు దాటాక గోడకి చేరబడి నవ్వారు. ఆవిడ అంతసేపు నవ్వగా నేను చూసింది అప్పుడే.

ఆ రెప్ప లాగడం ఆవిడకి అలవాటైపోయింది. పిల్లల రెప్పలు లాగేవారు, పాలు పోసేవాడిదీ లాగేవారు. తన తమ్ముడి కూతురి పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకుని దగ్గరికి పిలిచి, బుగ్గ నిమురుతున్నట్టే నిమిరి రెప్ప లాగి, "రక్తం తక్కువుందండి, ముందు మునగాకు పెట్టండి" అని అతని తల్లికి చెప్పారు. ఆ సంబంధం తప్పిపోయింది. అబ్బాయి మాత్రం మునగాకు తింటున్నాడని తెలిసింది.

ఇన్ని రెప్పలు చూసిన మనిషి రెప్ప ఎవరూ చూడలేదు. ఈ ఏడు ఎండాకాలం నుంచే ఆయాసపడేవారు, పాదాలు ఉబ్బేవి. ఒక మధ్యాహ్నం దొడ్లో కునుకు తీస్తుంటే నేను పిల్లిలా వెళ్లి బొటనవేలితో లాగాను. పరాచికానికే. చూసింది ఉడకబెట్టిన గుడ్డు తెలుపు. ఆవిడ నా చెయ్యి మీద ఒక్కటిచ్చి, "నేనేమన్నా మేకనా అండి?" అన్నారు.

"మేకయితే ఈపాటికి డాక్టరు దగ్గర ఉండేవారు" అన్నాను.

చివరికి వెళ్తానన్నారు, ఒక షరతు మీద. బొల్లి అనే మేక చూలుతో ఉంది, మందలో అన్నిటికంటే నీరసంగా ఉన్నదీ అదే. దాని రెప్ప రోజూ వీడియోలో చూపించాలి. తెల్లబడితే ఏ డాక్టరు ఆపినా మంచం దిగి వచ్చేస్తారు. చెప్పిన మాట నిలబెట్టుకునే మనిషని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అత్తగారూ, మా ఆవిడా ఆవలి ఒడ్డు చేరాక పంటు ఆగిపోయింది. వాన మాత్రం ఆగలేదు. అత్తగారు వార్డులో మంచానికి, సెలైను గొట్టానికి అతుక్కుపోయారు. నేను దొడ్లో చూరు నీళ్లకి, మేకల కంపుకి. రోజూ పొద్దున్నే ఫోన్ మోగేది. నేను ఒక్కో మేకనీ మోకాళ్ల మధ్య పెట్టుకుని రెప్ప లాగి ఫోన్ ముందు పెట్టేవాణ్ణి. "ఇంకొంచెం వెలుతురులోకండి. ఆఁ, బానే ఉంది. తర్వాతది." ఒకరోజు నా రెప్పే లాగి చూపించాను. "ఈ మేకకి రక్తానికి లోటు లేదండి, సిగ్గే తక్కువ" అన్నారు. పక్క మంచం ఆవిడ నవ్వు కూడా వినిపించింది.

ఒకరోజు బొల్లి రెప్ప లాగితే తెల్లగా ఉంది. మందు అప్పటికే పోసి ఉన్నాను, పనిచెయ్యలేదు. నిజం చూపిస్తే ఆవిడ గొట్టం పీకేసుకుని ఏటి ఒడ్డున వచ్చి కూర్చుంటారు. అక్కడ పంటు ఉండదు. చూపించకపోతే అనుమానిస్తారు. బొల్లి కంటి చుట్టూ తెల్ల మచ్చ. మందలో మంచి ఎరుపున్న రెప్ప నల్లమేకది. మా ఆవిడ వదిలెళ్లిన పౌడరు డబ్బా తెచ్చి నల్లమేక కంటి చుట్టూ అద్ది, ఫోన్ ముందు పెట్టాను.

ఆవిడ చాలాసేపు చూశారు.

"బొల్లికి పౌడరు ఎప్పటినుంచి రాస్తున్నారండి?" అన్నారు.

నేను చొక్కా అంచుతో నల్లమేక కంటి చుట్టూ పౌడరు తుడవడం మొదలెట్టాను.

"సరేలెండి. బొల్లి బాగుందనే అనుకుంటాను" అని ఆగారు. ఆయాసం వినిపిస్తోంది. "బియ్యం డబ్బా వెనక ఇంకో రకం మందుంది. డాక్టరమ్మ ఇచ్చి దాచమంది. ఆవిడకి ఫోన్ చేసి, చూలుదని చెప్పి, ఎంత పొయ్యాలో అడిగి పొయ్యండి. నేను ఇక్కడే ఉంటాలెండి."

ఉన్నారు. మంచం దిగలేదు. జీవితంలో మొదటిసారి మేకని ఇంకొకరి చేతిలో వదిలారు. డాక్టరమ్మ ఫోన్లో చెప్పిన కొలత ప్రకారం కొత్త మందు బొల్లికి పోస్తుండగానే నేను ముందు చెప్పిన ఆ కబురు వచ్చింది. రెండోసారి పోసినప్పుడు మింగింది.

ఇప్పుడు పంటు తిరుగుతోంది. దినం నాటికి మా ఆవిడ వచ్చేసింది. పెట్టె తెరిచి జాతర చీర చూసి, మడత విప్పకుండానే మూసేసింది. మొన్న తనంతట తనే కాకినాడ మాట ఎత్తింది, మేకల్ని ఎవరికైనా ఇచ్చేద్దామంది. "ఈ వానలు తగ్గనీ, చూద్దాం" అన్నాను. ఆ మాట ఎవరిదో ఇద్దరికీ ఒకేసారి తెలిసి, ఇద్దరం చూరు వైపు చూశాం.

పొద్దున్నే నేనే దొడ్లోకి వెళ్తాను. బొల్లి తనే వచ్చి నా మోకాళ్ల మధ్య నిలబడుతుంది. రెప్ప లాగితే లోపల లేత గులాబీ, రోజుకి ఒక పిసరు ముదురుతోంది. ఇంకొంచెం వెలుతురులోకి తిప్పుతాను. రెండో చెయ్యి దానంతట అదే జేబులోంచి ఫోన్ తీసి, నల్లటి తెరని బొల్లి కంటి ముందు పెడుతుంది. అలాగే పట్టుకుని నిలబడతాను. బొల్లి కదలదు.