తిట్టు వేరు, శాపెన వేరు

ఈ మధ్య ఒక పదకోశం తిరగేస్తుంటే "తిట్టు" అన్న మాటకు దూషణ, నింద, శాపము అని మూడర్థాలు ఒకే వరుసలో కనబడ్డాయి. కూర్చినవారు మా నారాయణపేట వైపు ఎన్నడూ రాలేదనుకున్నాను. మా ఇంట్లో తిట్టు వేరు, శాపెన వేరు.

మా నాయన తల్లిని అందరం అవ్వ అనేవాళ్లం. గొర్లమందను, కొడుకులను, మనుమరాలినైన నన్ను ఆమె ఒకే నోటితో తిట్టేది. "నీ బొందవెట్ట, ఇంకా తినలేదా" అంటే అన్నం చల్లారుతున్నదని అర్థం. శాపెన మాత్రం నాలుగు తోవల దగ్గర, ఊరి ముందర, చాటలో దుమ్ము పట్టుకొని పెట్టేది, దానికొక కట్టడి ఉండేది. ఏదైనా పోతే, రేపు శాపెన పెడతానని ముందురోజు వాడవాడా తిరిగి చెప్పాలి. తీసినవాడు తెల్లారేలోగా తెచ్చి కట్టేస్తే ఎవరూ ఏమీ అడగకూడదు.

నేను ఏడో తరగతి చదువుతున్న 1959 ఎండాకాలంలో మా పెద్ద పొట్టేలు పోయింది. తేదీ గుర్తు లేదు. తేదీ లేని సంగతిని నేను మామూలుగా కాగితం మీద పెట్టను. అవ్వ వాడవాడా తిరిగి చెప్పివచ్చింది, మా చిన్నాయన అరుగు మీద కూర్చుని విన్నాడు. కడుపుతో ఉన్న చిన్నమ్మకు ఒక నారాయణపేట చీర కొనాలని, అడిగితే అవ్వ ఒప్పుకోదని, పొట్టేలును సంతలో అమ్మినవాడు ఆయనే. చీరను జొన్నల గుమ్మిలో దాచాడు. పొట్టేలును తిరిగి తేవడం ఆయన చేతిలో లేదు. నోరు విప్పడం ఉన్నది, విప్పలేదు.

తెల్లవారి అవ్వ కొప్పు విప్పుకొని నాలుగు తోవల దగ్గర నిలబడి, "నా పొట్టేలును ముట్టినోని చెయ్యి ఎండిపోను" అని మొదటి పిడికిలి దుమ్ము ఎత్తిపోసింది. రెండోది ఎత్తి "వానింట్ల తొట్టెల" అని ఉయ్యాల మీదికి మాట తెస్తుండగా, అప్పుడే గుమ్మిలో జొన్నలు తీయబోయి చీరను చూసిన చిన్నమ్మ వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నది.

"అత్తా, గా మాట అనకు. గది మనింటి మీదికే వస్తది."

అవ్వ కోడలి పొట్టను చూసింది, వెనక తల వంచుకొని నిలబడ్డ కొడుకును చూసింది. పిడికిట్లోని దుమ్మును తన నెత్తి మీదే పోసుకొని, "అన్నది నాకే తగలనీ" అని, చాట దులుపుకొని ఇంటికి నడిచింది.

బిడ్డ క్షేమంగానే పుట్టింది. చిన్నాయన చెయ్యి ఎండలేదు. అయితే ఆనాటి నుండి అవ్వ ఆయనను తిట్టలేదు. మాకందరికీ ఎప్పటిలాగే తిట్లు దక్కేవి. ఆయనకు మాత్రం చుట్టపుమనిషికి పెట్టినట్టు కంచం పెట్టి, తినుమని మెల్లగా చెప్పేది. ఆయన కావాలని మందను పొద్దుగూకినాక తోలుకొచ్చేవాడు, ఒకసారి నీళ్ల కడవను ఆమె ముందరే పగలగొట్టాడు.

"ఏమన్న అనవే అవ్వా."

"ఏమనాలె నాయినా. పెంకులు గుచ్చుకుంటయి, జర ఇవతలికి రా."

1966లో ఆమె పోయేదాకా అంతే.

ఇప్పుడు మా వైపు గొర్రె పోతే ఠాణాలో దరఖాస్తు ఇస్తారు. దుమ్మెత్తేవారు లేరు, తెల్లారేదాకా గడువిచ్చేవారూ లేరు. చిన్నాయన చివరి రోజులు దవాఖానలో గడిచాయి. కొడుకులు, కోడళ్లు, మనుమలు అందరూ ఆయనను "మీరు" అనే పిలిచారు, ఒక్కరూ గొంతు పెంచలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.