చూరు కింద తొమ్మిది

నాకు జరిగిన మోసం చెప్పాలంటే ముందు ఒక లెక్క చెప్పాలి. లెక్క తెలియకపోతే మోసం తెలియదు. అదే నా గోస. గొర్రెను ఎత్తుకుపోయినా, పొలం గట్టు జరిపినా నలుగురిని పిలిచి చూపించుకోవచ్చు. నాకు చేసింది అట్లా కంటికి కనబడేది కాదు.

మాది హాలియా దగ్గర కాలువ కింది ఊరు. నా భర్త పోయాక నేనూ, మా మరిది పెళ్లామూ ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకొని బతికాం. తోడికోడలిని మా దిక్కు యారాలు అంటారు. నేను పెద్దదాన్ని, ఆమె చిన్నది. మరిది లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నా చదువు అక్షరాలు కూడబలుక్కునేంత వరకే. ఆమె తొమ్మిది చదువుతుంటే పెళ్లి చేసి తెచ్చారు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా ఊరి అంగన్‌వాడీలో మరుసటి ఏడాది ఆయా పనికి మనిషిని తీసుకుంటారని తెలిసింది. ఊరి కోడలై ఉండాలి, పది పాసై ఉండాలి. భర్త లేనివాళ్లను ముందు చూస్తారని కూడా అన్నారు. నాట్లు వేసి వేసి నా నడుము వంగినకాడనే నిలిచిపోతున్న రోజులవి. నీడపట్టున ఉండి పిల్లలకు వండిపెట్టే పని, నెల తిరిగితే జీతం. అది దొరికితే ఇంకెవరి చేయీ చూడకుండా బతుకుతాననుకున్నాను.

పది ఎట్లా పాసయ్యేదని నేను తలపట్టుకుంటే ఓపెన్ స్కూల్ సంగతి యారాలే మోసుకొచ్చింది. పెద్దవాళ్లు ఇంటికాడ చదువుకొని పరీక్ష రాయొచ్చట. ఆదివారాలు హాలియాలో క్లాసులట.

"ఇద్దరం రాద్దాం అక్కా. నీకు నేను చెప్త. ఎవ్వలకొస్తేంది, ఇంట్లకే గదా వచ్చేది" అంది.

తెలుగూ సాంఘికమూ ఆమె చదివి వినిపిస్తే నోటికి పట్టాను. లెక్కలే నన్ను చంపాయి. ఎక్స్ అంటారు, వై అంటారు, అవి ఎవరో ఎక్కడివో చెప్పరు. ఆ పుస్తకంలో నా చేతికి చిక్కింది ఒక్కటే. వరసగా సంఖ్యలు ఇస్తారు, వాటిలో అకరణీయ సంఖ్యలేవో గుర్తుపట్టాలి. పైన ఒక పూర్తి అంకె, కింద ఒక పూర్తి అంకె, మధ్యన గీత. కింద సున్నా ఉండకూడదు. అట్లా రాయడానికి వచ్చేదంతా అకరణీయం. రానిది కరణీయం. ఐదు ఉందనుకోండి, కింద ఒకటి పెడితే సరి, అదీ అకరణీయమే. పరీక్షలో ఇవి చాలానే వస్తాయని, వీటితోనే గట్టెక్కుతానని నా ఆశంతా వీటి మీదే పెట్టుకున్నాను.

పనికాడి నుంచి వచ్చాక యారాలు కొట్టం గోడ మీద సుద్దముక్కతో చెప్పేది. ఒకరోజు ఒకటిని మూడుతో భాగించమంది. పాయింటు తర్వాత మూడు వచ్చింది. మళ్లీ మూడు. మళ్లీ మూడే. గోడ అయిపోయింది గానీ మూళ్లు అయిపోలేదు.

"గీ మూడుకు సిగ్గులేదానే, పొమ్మంటె మల్ల అదే వస్తది" అన్నాను.

ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. అట్లా వచ్చిందే వస్తూ పోయినా అది అకరణీయమేనని, పైన ఒకటి, కింద మూడు పెట్టి రాయొచ్చు కదా అని చెప్పింది. సరిగ్గానే చెప్పింది. సరిగ్గా చెప్పినవి చాలా ఉన్నాయి. అందుకే నమ్మాను.

ఒక ఆదివారం, ఎనిమిది చదివే ఆమె బిడ్డకు జ్వరం వచ్చింది. ఒక్కరమన్నా క్లాసుకు పోవాలి, తానే నేర్చుకొని వచ్చి నాకు చెబుతానంది. బిడ్డ దగ్గర నేను ఉండిపోయాను. దవాఖానకు తీసుకుపోయి, గంజి తాగించి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ కూర్చున్నాను. పొద్దుగూకే వేళకు ఆమె వచ్చి గోడ మీద కొత్త గుర్తు గీసింది. ముందు చిన్న కొక్కెం, దాని పైనుంచి అడ్డగీత, ఇంటి చూరు లాగా. దాన్ని వర్గమూలం అంటారంది. ఏ అంకెను దానితోనే గుణిస్తే లోపలిది వస్తుందో అది దాని వర్గమూలమట.

"ఈ చూరు కింద ఏదున్నా కరణీయమే అక్కా. లోపలికి తొంగి చూసుడు లేదు. చూరు కనబడితె కరణీయమని రాసెయ్" అంది.

చూరు కింద రెండు రాసింది, ఐదు రాసింది, తొమ్మిది రాసింది. తొమ్మిది కాడ నాకు మనసొప్పలేదు. మూడు మూళ్లు తొమ్మిది కదా.

"గిదైతె మూడై బయటికొస్తది గదనే?" అన్నాను.

ఆమె సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుకుంటూ నిలబడింది. తర్వాత అంది, "ఎక్కువ ఆలోచన చెయ్యకు అక్కా, ఆగమైతవ్. సారు గట్లనే చెప్పిండు."

సారే చెప్పాక నేనెంత అని నోరు మూసుకున్నాను.

పరీక్షలో చూరు కింద తొమ్మిది వచ్చింది. పదహారు వచ్చింది. ఇరవై ఐదూ వచ్చింది. చూరు కనబడ్డ ప్రతిచోటా కరణీయమనే రాశాను. తెలిసిన ప్రశ్నలే వచ్చాయని నవ్వుకుంటూ బయటికి వచ్చాను కూడా. ఫలితాలొచ్చాయి. నాకు లెక్కల్లో పోయింది, కొద్దిలో పోయింది. ఆమె అన్నీ పాసైంది. ఆయా పని ఆమెకిచ్చారు. నేను ఏడవలేదు. ఇంట్లోకే కదా వచ్చిందనుకున్నాను. మొదటిరోజు ఆమె పనికి పోతుంటే కుచ్చిళ్లు సర్దింది నేనే.

ఏడాది తిరిగేసరికి ఆమె బిడ్డకు బడిలో అదే పాఠం వచ్చింది. బయట వాన. నేను కొట్టంలో గోంగూర తుంచుతున్నాను. లోపల తల్లి బిడ్డకు చెబుతోంది.

"చూరు జూసి భయపడకే. ముందు కిందేమున్నదో చూడు. తొమ్మిదుంటె మూడై బయటికొస్తది, అది అకరణీయమే. రెండుంటె ఎంత చేసినా ఒడువది, అది కరణీయం. గీ తేడా తెల్వకుంటె మార్కులన్ని పోతయ్."

ఆకు నా చేతిలోనే ఉండిపోయింది.

అయినా ఆమెను తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. అప్పుడు ఆమెకూ తెలియదేమో, తర్వాత తెలుసుకుందేమో అనుకున్నాను. ఆదివారం హాలియా పోయి సారును అడిగాను. మీరు రాని ఆ ఆదివారం క్లాసులోనే వివరంగా చెప్పాను కదమ్మా అన్నాడాయన. చూరు కింద తొమ్మిదిని బోర్డు మీద చేసి చూపించింది మీ యారాలేనన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆమె అన్నం వారుస్తోంది.

"నాకు చూరు లెక్క తప్పెందుకు చెప్పినవ్?" అన్నాను.

గంజి చివరిదాకా వంచి గిన్నె దించింది. అప్పుడు తలెత్తింది.

"నువ్వు పాసైనంక నన్నెవ్వలు పిలుస్తరు? మొగడు లేడని నిన్నే ముందు పిలుస్తరు. నాకు మొగడున్నడని రాసుకుంటరు. ఉన్నడో లేడో ఎవ్వలన్న అడుగుతరా?"

గిన్నె మీద మూత సరిచేసింది.

"నీకు అన్నీ మంచిగనే చెప్పిన గదక్కా. గదొక్కటే" అంది.

ఎవరికి చెప్పుకోను? మరిది వచ్చినప్పుడు చెప్పాను. "లెక్క తప్పు చెప్తె పంచాయితి పెడ్తరా వదినా" అని నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. పెద్దమనుషుల ముందుకు పోతే ఏమనాలి? చూరు కింద తొమ్మిది అంటే వాళ్లు నా మొహం చూస్తారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లకు చెబితే, ఫెయిలైన కడుపుమంట ఆమె మీద పోసుకుంటున్నానన్నారు. లెక్కల పరీక్ష నేను మళ్లీ రాశాను, పాసయ్యాను కూడా. ఊరికి ఆయా పని ఒక్కటే, అది పోయింది.

యాసంగి నాట్లలో ఒకనాడు సద్దులు తినడానికి ఒడ్డెక్కాం. యారాలి మాట వచ్చింది, మంచి మనిషని ఎవరో అన్నారు. నాకు ఆగలేదు. మట్టిలో చూరు గుర్తు గీసి, దాని కింది అంకె ఎంతో అన్ని రాళ్లనుకోండని కాలువ గట్టున రాళ్లు ఏరుకొచ్చి ఒడ్డు మీద పేర్చాను. తొమ్మిది రాళ్లు మూడేసి చొప్పున మూడు వరసలు, నాలుగు దిక్కులా సమానం. పదహారూ అట్లానే కుదిరింది, నాలుగు నాలుగ్గా. ఏడు పెడితే కుదరలేదు. ఒకామె రాయి పలగ్గొట్టి పెడదామంది.

"ఎంత సన్నగ పలగ్గొట్టినా ఏడు కుదరది. కుదిరేది అకరణీయం, కుదరనిది కరణీయం. గంతే" అన్నాను.

అందరూ మీద పడి చూశారు. పన్నెండు పెట్టి చూశారు, ఇరవై ఐదు పెట్టి చూశారు. మాలో అందరికంటే పెద్దామెకు బాగా అర్థమైంది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. నీ యారాలు నేర్పిందా?" అంది.

"లేదు. చూరు కిందున్నది ఏదీ కుదరదని నేర్పింది. పరీక్షల నేను గదే రాసిన."

"ఆమెకు తెల్వక చెప్పిందేమో."

"పొద్దుగాల బోర్డు మీద తొమ్మిది తనే చేసింది. పొద్దుగూకినంక నాకు గట్ల చెప్పింది."

పెద్దామె రాళ్ల వంక చూసింది. మూడు వరసలనూ వేలితో తాకింది.

"అయితె తెలిసే చేసిందన్నట్టు" అంది.

ఎవరూ కాదనలేదు. ఏడాది నుంచి ఒక్కరన్నా ఆ మాట అనాలని తిరిగాను, అన్నారు. ఆ పైన ఇంకో మాట వస్తుందేమోనని చూశాను. ఒకామె తన చిన్నదాన్ని అంగన్‌వాడీ నుంచి తెచ్చుకునే వేళకల్లా మడి ముగించాలంది. ఇంకొకామె చేయి కడుక్కుంది. వాళ్ల పిల్లలందరికీ ఆ పూట వండిపెట్టింది నా యారాలే. నన్ను నమ్మారు, నమ్మి ఊరుకున్నారు. కొంగులు బిగించుకొని మడిలోకి దిగారు. నేనూ నారు కట్ట అందుకొని వాళ్ల వెనకే దిగాను.