రెండు ఎర్ర గుర్రాల లెక్క

నాలుగేళ్ళుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. దానితోనే తిన్నాను, దానితోనే పడుకున్నాను, పండగలకు కొత్త బట్టలు కట్టుకుని ఫొటోలు దిగాను. ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు. అడగరని తెలిసే అంత నిబ్బరంగా ఉన్నానా? బహుశా అంతే. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీ దగ్గర మొదలుపెడుతున్నాను.

ముందే ఒకటి చెబుతాను, నవ్వకండి. ఇదంతా గుర్రాల దగ్గర మొదలైంది. ప్రాణమున్న గుర్రాలు కూడా కావు, ఫోన్‌లో గుర్రాలు. ఒక సంసారం ఫోన్‌లో గుర్రాల వల్ల పాడైందంటే ఎవరైనా నమ్ముతారా? నాకే ఒళ్ళు మండుతుంది తలుచుకుంటే.

మాది మగ్గాల పనికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడిన కుటుంబం. కోసాడ్ కాలనీలో రెండు గదుల ఇల్లు. నాన్న పోయాక అమ్మ, అన్న, వదిన, నేను మిగిలాం. అన్న సూరత్ శివార్లలోని జోల్వాలో పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. నేను ఇంట్లోనే కూర్చుని చీరలకు స్టోన్లు అతికిస్తాను. పన్నెండో తరగతి వరకు సైన్స్ చదివాను. మా ఇంట్లో అంత దూరం చదివింది నేనొక్కదాన్నే. అందుకని జ్వరానికి ఏ మాత్ర వేసుకోవాలో, టీవీ ఎందుకు ఆగిపోయిందో, అన్నీ నన్నే అడుగుతారు. తెలియకపోయినా చెబుతాను. అది నా జబ్బు.

మొదటి లాక్‌డౌన్‌లో అన్న జోల్వాలోనే చిక్కుకుపోయాడు. మగ్గాలు ఆగాయి, బస్సులు ఆగాయి. కార్ఖానా వెనక గదిలో డజను మంది మగవాళ్ళు రెండు నెలలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ విసుగులో ఎవరో ఈ ఆట దించుకున్నారు. నీకొక కొట్టం ఇస్తారు, రెండు గుర్రాలు ఇస్తారు. వాటిని జతచేస్తే పిల్ల పుడుతుంది. అరుదైన రంగు పిల్ల పుడితే అందరూ నీ కొట్టం చూడటానికి వస్తారు. అంతే. అన్న నాకూ నేర్పాడు. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేవాడు, అమ్మ ఎలా ఉందని కాదు, నల్లదానికి ఏం పుట్టిందని.

మా అన్న రంగును మగ్గం మీద నేర్చుకున్న మనిషి. పడుగు నలుపు పెట్టి పేక ఎరుపు వేస్తే బట్ట ఆ రెండింటి మధ్య రంగులో మెరుస్తుంది. కాబట్టి నల్ల గుర్రాన్నీ ఎర్ర గుర్రాన్నీ జతచేస్తే ముదురు మెరూన్ పిల్ల రావాలని అతని లెక్క. నల్లదే పుట్టింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ నల్లది. మూడోసారి అచ్చం ఎర్రది. ఆట మోసం చేస్తోందని తిట్టాడు. గదిలో డజను మందిదీ అదే తిట్టు. అందరూ మగ్గం మనుషులే కదా, అందరూ మెరూన్ కోసమే చూస్తున్నారు.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. పన్నెండో తరగతిలో చదివిన బఠాణీ మొక్కల పాఠం గుర్తుచేసుకుని, ఆటలోని సహాయం పేజీలు చదివి, అన్నకు అర్థమయ్యే భాషలో చెప్పాను. రంగులు కలవవు. ప్రతి పిల్లకూ తల్లి నుంచి ఒక పోగు, తండ్రి నుంచి ఒక పోగు వస్తుంది. రెండింటిలో ఒక్కటి నల్ల పోగైనా గుర్రం నల్లగానే కనిపిస్తుంది, ఎర్ర పోగు దాని కింద దాక్కుంటుంది. రెండూ ఎర్ర పోగులైతేనే ఎర్ర గుర్రం. అందువల్ల రెండు నల్ల గుర్రాలకు ఎర్ర పిల్ల పుట్టొచ్చు. రెండు ఎర్ర గుర్రాలకు మాత్రం నల్ల పిల్ల పుట్టదు. ఇవ్వడానికి వాటి దగ్గర నల్ల పోగే లేదు. ఇంకా పాలరంగులు, బూడిదరంగులు, మచ్చలు, వాటి లెక్కలు వేరే ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోను. అన్న మాత్రం ఆశ్చర్యపోయాడు. మా చెల్లె మాస్టరని గదిలో అందరికీ చెప్పుకున్నాడు. నేను ఉబ్బిపోయాను. ఆ ఉబ్బు ఎక్కడికి తీసుకుపోయిందో చూడండి.

మా నాయనమ్మవి పిల్లికళ్ళు. అవి అన్నకు వచ్చాయి. నాయనమ్మ కూతురి కూతురే వదిన, అంటే మా మేనత్త బిడ్డ. ఆమెవీ పిల్లికళ్ళే. మేనరికం కుదిరినప్పుడు చుట్టాలందరూ, ఇక పిల్లలందరూ పిల్లులే పుడతారని ఎగతాళి చేశారు. అన్న జోల్వా నుంచి వచ్చిన పది నెలలకు పాప పుట్టింది. పుట్టినప్పుడు కళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. అమ్మ మురిసిపోయి ఊరికి ఫోన్లు చేసింది, తన అత్త కళ్ళే వచ్చాయని.

తర్వాత రెండో వేవ్. ఊళ్ళో వదిన వాళ్ళ నాన్నకు జబ్బు చేసింది. ఆసుపత్రిలో ఆయన ముఖం వీడియోలో చూపిస్తామని అక్కడివాళ్ళు అంటే, మా ఇంటి ఫోన్‌లో జాగా లేక కాల్ కలవడం లేదు. వదిన కంగారులో ఏదో ఒకటి తీసేసింది. తీసేసింది నా ఆటని. ఏడాది పెంచిన గుర్రాలు పోయాయి. మళ్ళీ తెరిస్తే మొదటి రోజు ఇచ్చిన రెండు గుర్రాలు నా వైపు చూస్తున్నాయి.

మామయ్య బతికాడు. నిజం చెప్పనా? ఆ వారమంతా నేను ఆయన గురించి కాదు, నా బూడిదరంగు ఆడగుర్రం గురించి ఏడ్చాను. వదిన తప్పయిందని కూడా అంది. అయినా ఆ తర్వాత ఆమె ఏం చేసినా నాకు చిరాకే. అన్నంలో నీళ్ళు ఎక్కువ పోసినా చిరాకు, పాపను నా ఒళ్ళో పెట్టి స్నానానికి వెళ్ళినా చిరాకు. "గుర్రాలకైతే మేత ఏస్తవు, బిడ్డకు పాలు కలుపవు" అని ఒకసారి నవ్వుతూనే అంది. దాన్ని నెలల తరబడి లోపల నానబెట్టుకున్నాను.

ఈలోగా పాప కళ్ళు మెల్లగా ముదురుతూ వచ్చాయి. తొమ్మిదో నెలకు నల్లగా, కాటుక అవసరం లేనంత నల్లగా అయ్యాయి.

ఆ రోజు కార్ఖానాకు సెలవు. మధ్యాహ్నం. వదిన బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. అమ్మ పక్కింటికి వెళ్ళింది. పాప అన్న కాళ్ళ దగ్గర పాకుతోంది. అన్న తన ఫోన్‌లో ఇంకా ఆడుతూనే ఉన్నాడు.

"చెల్లె, జర చూడు. గీ ఎర్రయి రెండిటికి నల్లది పుడ్తదా?"

"పుట్టదన్న. నూరుసార్లు కలిపినా పుట్టదు. ఎన్నిసార్లు జెప్పాలె నీకు?"

అన్న ఫోన్ బోర్లా పెట్టాడు. పాప వైపు చూశాడు.

"మనుషులకు గూడ గిదే లెక్కనా?"

"ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే. మా ఇద్దరియి పిల్లికండ్లే గదా. దీనియేమో నల్లగైనయ్."

ఇక్కడ ఆగాలి. ఇక్కడే ఆగి నన్ను నేను అడుగుతూ ఉంటాను. అతను ఏం అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదా? అయింది. వెంటనే అయింది. రెండు నెలలు అతను జోల్వాలో ఉన్నాడు, వదిన ఇక్కడ ఉంది, అదీ ఆ ప్రశ్న. మరి ఆ రెండు నెలలు అదే ఇంట్లో, అదే గదిలో, వదిన పక్కన చాప వేసుకుని పడుకున్నది ఎవరు? నేను. గుమ్మం దాటి ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఎవరు? పైగా పాప పుట్టిన నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టినా సరిపోతాయి. అన్నీ తెలుసు. అన్నీ తెలిసి నేనన్నది ఇది:

"మనుషులైనా గుర్రాలైనా లెక్క ఒక్కటే అన్న. పుస్తకంల గట్లనే ఉన్నది."

ఏ పుస్తకంలో ఉంది? నేను చదివిన పుస్తకంలో బఠాణీలు ఉన్నాయి. వదినకు ఒక్కరోజు ముఖం మాడాలని అన్నాను. ఒక్కరోజు చాలనుకున్నాను.  పాప అన్న మోకాలు పట్టుకుని లేవబోతే, మెల్లగా చేయి విడిపించుకుని లేచి చెప్పులేసుకున్నాడు.

అతను అరిచినా బాగుండేది. అరిస్తే అమ్మ అడ్డుపడేది, వదిన తిరగబడేది, నాలుగు రోజుల్లో తేలిపోయేది. అన్న అరిచే మనిషి కాడు. షిఫ్టు మారిందన్నాడు, జోల్వా గదిలోనే ఉంటానన్నాడు. పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. పాపను ఎత్తుకోడు, కొట్టడు, తిట్టడు. ఒక రాత్రి మాత్రం పాప కళ్ళ సంగతి వదినతో అన్నాడు, అప్పటి నుంచి అతను వచ్చిన ప్రతిసారీ పాప నీదేనని ఆమె మొత్తుకోవడం గోడ ఇవతల నాకు వినిపించేది. పిల్లకు మాటలొచ్చాక అతన్ని "జోల్వా బాపు" అని పిలవడం మొదలుపెట్టింది. వేరే నాన్న ఎవరో ఇంకెక్కడో ఉన్నట్టు. కాలనీలో విన్నవాళ్ళు ముచ్చటపడి నవ్వారు. వదిన నవ్వలేదు.

ఇంకా అసలు తప్పు చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పింది నోరు జారడం. నోరు ఎవరికైనా జారుతుంది.

అది జరిగిన ఇరవై రోజులకు, ఆ గుర్రాల ఆట ఆడేవాళ్ళ గ్రూపులో ఎవరో సరదాకి ఇలాంటి ప్రశ్నే అడిగారు. పశువైద్యం చదివే ఒక అమ్మాయి ఓపికగా జవాబు రాసింది. గుర్రం ఎరుపు నలుపుల లెక్కను మనుషుల కళ్ళకు అంటగట్టకండి, మనిషి కంటి రంగును ఒక్క జత పోగులు కాదు, చాలా కలిసి నిర్ణయిస్తాయి, లేతరంగు కళ్ళున్న తల్లిదండ్రులకు ముదురురంగు కళ్ళ బిడ్డ పుట్టొచ్చు, పసిపిల్లల కళ్ళు ఏడాది లోపల ముదరడం మామూలే అని. రెండుసార్లు చదివాను. దాని కింద గుండె బొమ్మ పెట్టాను. ఫోన్ మూసి స్టోన్లు అతికించుకున్నాను.

ఆ సాయంత్రం అన్నకు ఆ మెసేజ్ పంపితే అయిపోయేది. ఒక వేలు కదిపితే చాలు. ఎందుకు పంపలేదు? తెలియదని ఒప్పుకోవాల్సి వస్తుందని. మాస్టర్ తప్పు చెప్పిందని గదిలో అందరూ నవ్వుతారని. ఇంత చిన్న కారణానికా? అవును, ఇంతే. పెద్ద కారణం కోసం నాలుగేళ్ళు వెతికాను, దొరికితే కాస్త మర్యాదగా ఉంటుందని. దొరకలేదు. మొదట రేపు చెబుదామనుకున్నాను. తర్వాత ఆలస్యమైంది. ఆ తర్వాత, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలియక చెప్పలేదు. విసుగొస్తుంది నా మీద నాకు. ఎంత అంటే, ఈ వాక్యాలు రాస్తూ రెండుసార్లు పెన్ను విసిరేశాను.

ఇక్కడిదాకా రాసి ఐదు రోజులు ఆపేశాను. మీకు రాసి చేతులు దులుపుకుంటే అది మరో గుండె బొమ్మ అవుతుందని అనిపించింది.

ఆదివారం అన్న వచ్చాడు. టీ తాగుతున్నాడు. పాప నేల మీద కూర్చుని బిస్కెట్లు విరుస్తోంది. వదిన వంటింట్లో ఉంది. కూర్చోబెట్టి చెప్పాలని ఏవేవో అనుకున్నాను కానీ నిలబడే చెప్పేశాను. ఆ రోజు చెప్పింది అబద్ధమని. ఏ పుస్తకంలోనూ లేదని. ఆ లెక్క తప్పని నాకు ఇరవై రోజులకే తెలిసిందని. తెలిసీ నోరు మూసుకున్నానని. ఆ రెండు నెలలు వదిన పక్కనే నేనున్నానని.

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాలుగేండ్ల సంది ఎరుకేనా నీకు?"

తలూపాను. కొడతాడనుకున్నాను. అతను పాప వైపు చేయి చాచాడు. రమ్మని కూడా అనలేదు, చేయి మాత్రం చాచాడు. పాప ఆ చేతిని చూసింది. తర్వాత వంటింటి వైపు తిరిగింది, వెళ్ళొచ్చా అని వాళ్ళమ్మను అడుగుతున్నట్టు. అన్న చేయి వెనక్కి తీసుకుని, లేచి బయట వరండాలోకి పోయి నిలబడ్డాడు.

వదిన వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఏడవలేదు. నన్ను తిట్టలేదు. కాళ్ళు పట్టుకుందామని నేను వంగబోతే వెనక్కి జరిగింది.

"నువ్వు చెప్పినవనే గప్పుడు నమ్మిండు. ఇయ్యాల గూడ నువ్వు చెప్పినవనే నమ్ముతుండు. నాలుగేండ్లు నేను మొత్తుకున్నగదా, నా మాట ఎన్నడు నమ్మాలె ఆయన?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు, లోపలికి వెళ్ళి పొయ్యి మీద కూర దించింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు, అన్నతోనూ మాట్లాడటం లేదు. క్షమించమని మళ్ళీ అడగను, అడిగే ముఖం లేదు. కానీ ఇక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. నాలుగేళ్ళ తర్వాత మొన్న రాత్రి, సిగ్గులేకుండా, తెల్లవారేదాకా నిద్రపోయాను.