గవరమ్మ విత్తనపు కంకులు

దీవిలో రంగత్ దాటాక వాగు పక్కనున్న పల్లపు చేలో ఈ ఏడూ వరే వేసింది గవరమ్మ. చుట్టూ అందరూ వక్కతోటలకు మారిపోయారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ నవ్విన వాళ్ల వంతు మేత కూడా ఈవిడ నెత్తినే పడింది.

అందరూ వరి వేసిన రోజుల్లో జింకలూ చిలకలూ తలో చేలో కాస్త తిని పోయేవి. ఎవరికీ పెద్దగా నొప్పి తెలిసేది కాదు. ఇప్పుడు ఆకలేసిన ప్రతి నోరూ ఈ ఒక్క చేనుకే వస్తోంది. జింకను కొడితే కేసు, చిలకను పడితే కేసు. పాపం, చుట్టూ పాత చేపల వలలు కట్టింది. ఒక పొద్దున నీటికోడి వలలో చిక్కి విలవిల్లాడుతుంటే చూడలేక తనే కత్తితో వల కోసి వదిలేసింది. ఆ కంతలోంచే జింకలు దూరాయి. మళ్లీ కుట్టే ఓపిక ఆమెకు లేకపోయింది.

ఫీనిక్స్ బే రేవులో పడవల మీద పనిచేసే కొడుకు నాగబాబు కోతకని వచ్చాడు. జింకలు కొరికేసిన దుబ్బులు చూసి గట్టు మీద కూలబడ్డాడు.

"బస్ కరో అమ్మా, ఇంక సాలు. కాలవ తీసి నీళ్లు దించేద్దాం, వక్క పెట్టేద్దాం."

"నీళ్లు దించేస్తే నీటికోళ్లు ఎటెల్తాయిరా?"

"అడవుంది కదేటి వాటికి."

"అడవిలో ఇలాటి మడుందేటి? పోనీ, బియ్యం ఓడ రాకపోతే మనకి తిండి ఉంటాదేటి?"

"అయ్యన్నీ సరే. నువ్వు పడిపోతే ఎవులు సూస్తారు?"

"సర్లే, కానీ" అంది. అన్నాక ఏడుపు రాలేదు. నడుం వాల్చినంత హాయిగా అనిపించింది. ఆ హాయికే సిగ్గుపడింది.

కోతవగానే చూరుకు పిట్టల కోసం వరికుచ్చు కట్టడం వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న ఆచారం. ఏటా మంచి కంకులు విత్తనానికి దాచి, మిగిలినవాటితో కుచ్చు అల్లేది. ఇక విత్తనంతో పనేముంది? ఈసారి ఆ మంచి కంకులే అల్లి కట్టింది.

చిలకలు వచ్చి గింజ మిగల్చకుండా తిన్నాయి. తిని, అక్కడే కూర్చున్నాయి.

"ఇంకేటి సూస్తారు? ఒచ్చే ఏడు నుంచి మీరూ మాలాగే ఓడ కోసం సూడండి" అని గవరమ్మ తలుపేసుకుంది.