అత్తయ్య ఉత్తుత్తి ప్రయాణాలు

అత్తయ్య ఏ పనైనా ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకోనిదే నిజంగా చెయ్యదు. రోజూ ఆస్పత్రిలో నర్సు డ్యూటీకి వెళ్ళేముందు చెప్పులేసుకుని, తాళం తిప్పినట్టు గాల్లో చెయ్యి తిప్పి, వీధి చివరిదాకా నడిచి వెనక్కి వచ్చేది. అప్పుడు నిజంగా బయల్దేరేది. "వెళ్ళొచ్చావా, వెళ్తున్నావా?" అని తాతయ్య రోజూ అడిగేవాడు.

అలాంటి మనిషికి ఒక పేద దేశంలో రెండేళ్ళపాటు నర్సులకు పని నేర్పే ఉద్యోగం వచ్చింది. ఇంకేం! ఇల్లే ఆ దేశమైపోయింది. కరెంటు మెయిన్ కట్టేసింది. స్నానానికి మనిషికి అరబకెట్టే అంది. హాల్లో దోమతెర కట్టింది. అందులో కూర్చుని పేపరు చదివే తాతయ్య వలలో పడ్డ పెద్ద చేపలా ఉండేవాడు.

ఆ ఇంట్లోనే ఉండే మేనకోడలికి మాత్రం నవ్వు రాలేదు. అత్తయ్య వెళ్ళిపోతే తాతయ్యా, ఆయన గుండెజబ్బూ తన చేతికే వస్తాయి. పుస్తకాల్లో తలదూర్చి పెరిగిన పిల్ల. కొత్తవాళ్ళ ఎదుట గొంతు పెగలదు. దుకాణంవాడు కుళ్ళిన కూరగాయలిచ్చినా "థాంక్సండీ" అని తెచ్చుకుంటుంది. ఆ భయాన్ని అత్తయ్యతో చెప్పుకోవడానికీ నోరు రాలేదు.

"రావే, ట్యాక్సీ రిహార్సల్," అంది అత్తయ్య తలకి తువ్వాలు చుట్టుకుంటూ. "నేను డ్రైవర్ని. నువ్వు నేను."

"నువ్వే నువ్వుగా ఉండొచ్చు కదత్తా?"

"నేనే నేనైతే ఆ డ్రైవరు మనసులో ఏముందో నాకెలా తెలుస్తుందే? ఊఁ, బేరమాడు."

మేనకోడలు ఏదో గొణిగింది.

"డ్రైవరు బ్రహ్మాండం," అన్నాడు తాతయ్య దోమతెరలోంచి. "ప్యాసింజరే గోడతో మాట్లాడుతోంది."

ట్యాక్సీ తర్వాత నీళ్ళ ట్యాంకరు, ఆ తర్వాత ఇంటి ఓనరు. అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆస్పత్రి కౌంటరు. అత్తయ్య బల్ల వెనక కూర్చుని, గోళ్ళు చూసుకుంటూ, "బెడ్లు లేవు, ఆగండి," అనేది. మేనకోడలు నోరు తెరిస్తే, "గట్టిగా! నా చెవుల్లో దూది ఉందనుకో!" రోగి ఎప్పుడూ తాతయ్యే.

విమానాశ్రయానికి కూడా ముందురోజే ఖాళీ పెట్టెతో అందరూ వెళ్ళొచ్చారు. ఏడుపులు ఆరోజే కానిచ్చేశారు. అసలు రోజున ఎవరికీ కన్నీళ్ళు మిగల్లేదు.

ఆవిడ వెళ్ళిన కొన్నాళ్ళకే, ఒక మధ్యాహ్నం తాతయ్య ఊపిరాడక కుర్చీలో ఒరిగిపోయాడు. ఆటోలో ఆస్పత్రికి చేరితే, కౌంటరు వెనక గుమాస్తా తలెత్తలేదు.

"బెడ్లు లేవు. ఆగండి."

మేనకోడలు కౌంటరు మీదికి వంగింది. గొంతు పెగిలింది. దానికి ఈ దారి అలవాటే.

"ముందు స్ట్రెచర్ పంపండి. ఆక్సిజన్ పెట్టండి. బెడ్డు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీరు లేస్తారా, నన్నే లోపలికి వెళ్ళమంటారా?"

హాల్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. గుమాస్తా లేచాడు.

స్ట్రెచర్ మీద తాతయ్య మాస్కు కాస్త పక్కకి జరిపాడు. "ఇది నిజమేనా, రిహార్సలా?"

ఆయన ఇంటికి తిరిగొచ్చాక మేనకోడలు ఫోన్ చేసింది.

"అత్తా, అక్కడ కరెంటుంటోందా?"

"ఎందుకుండదే? క్వార్టర్స్‌లో జనరేటరుంది. కొళాయి తిప్పితే వేణ్ణీళ్ళు. ఆస్పత్రి బండే ఇంటికొచ్చి తీసుకెళ్తుంది."

"ఇదంతా నీకెప్పుడు తెలిసింది?"



"ఉద్యోగం ఇచ్చినరోజే చెప్పార్లే. నాన్నకి మందులేశావా?"

ఆ రెండేళ్ళ ఉద్యోగం ఇప్పుడు నాలుగో ఏట నడుస్తోంది. అత్తయ్య అక్కడా రోజూ రెండుసార్లు బయల్దేరుతుంది. మొదటిసారికి ఇంజను స్టార్ట్ చెయ్యడం ఆ బండి డ్రైవరు మానేశాడు.