వియ్యంకుల నిరాయుధీకరణ

రాజమండ్రిలో రైలు దిగేసరికి ఉదయం ఏడు. స్టేషన్లో ఇడ్లీ తిని, రామచంద్రపురం మీదుగా కోటిపల్లి వెళ్ళే బస్సెక్కాను. హైదరాబాదులో ఒక వారపత్రికకు ప్రపంచ ఆయుధ వ్యాపారం మీద వ్యాసాలు రాస్తుంటాను. ఏ దేశం ఎవరికి ట్యాంకులమ్మింది, ఎవరు ఎవర్ని చూసి భయపడుతున్నారు, అదంతా నా సబ్జెక్టు. తుపాకీని దగ్గరగా చూసింది మాత్రం బ్యాంకు గుమ్మంలోనే. ఈ ప్రయాణం పెళ్ళికి. ముక్తేశ్వరంలో హెడ్మాస్టరుగా ఉన్న నా కాలేజీ స్నేహితుడు సత్యానందం కూతురు సుశీలకు మలికిపురం సంబంధం కుదిరింది.

కోటిపల్లి రేవులో పడవెక్కాను. పక్కనున్నాయన ఒళ్ళో పెద్ద మూటను చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, బీడీ తీసినవాళ్ళందర్నీ కసురుతున్నాడు.

"ఏముందండీ అందులో?" అనడిగాను.

"బాణాసంచా అండి. ఔట్లండి, తారాజువ్వలండి. సత్యానందం మాస్టారింటి పెళ్ళికండి. మాస్టారు ఓ బుట్టెడు చెప్పేరు. అది తెలిసి మగపెళ్ళివారు రెండు చెప్పేరు. ఇప్పుడు మాస్టారు మూడంటన్నారు."

"రెండు వైపులా మీరేనా?"

"ఆయ్!" అన్నాడు సంతోషంగా.

ఇన్నేళ్ళుగా నేను తిట్టిపోస్తున్న ఆయుధ వ్యాపారిని కళ్ళారా చూడడం అదే మొదలు. ఆయన నాకు రెండు జంతికలు పెట్టాడు. కరకరలాడుతూ చాలా బాగున్నాయి.

మధ్యాహ్నం సత్యానందం ఇంట్లో పనసపొట్టు కూరతో భోజనం. చేయి కడుక్కుంటుంటే సుశీల వచ్చింది.

"బాబాయిగారూ, మా పెదనాన్నగారింట్లో పెళ్ళికి తారాజువ్వ పడి పందిరి కాలిపోయిందండి. నా పందిరైనా మిగిలేట్టు చూడండి. మీ మాటైతే నాన్న వింటారు."

నా ఛాతీ పొంగింది. వెంటనే సత్యానందాన్ని పట్టుకున్నాను.

"వాళ్ళు తగ్గితే నేనూ తగ్గుతాన్రా" అన్నాడు.

విడిదికి వెళ్ళి పెళ్ళికొడుకు తండ్రి ఆనందరావుగారిని కలిశాను. కొబ్బరికాయల వ్యాపారం చేసే ఆయన అదే మాటను మరో నాలుగు 'అండీ'లు చేర్చి చెప్పారు. నా వ్యాసాల్లో ఉన్నదీ ఇదే కదా! పరిష్కారం నా నాలుక చివరే ఉంది. ఎవరి సరుకు వాళ్ళు అవతలివారికి అప్పగించెయ్యాలి. తన సరుకు తన దగ్గర లేనివాడు ఏం కాలుస్తాడు? ఇద్దరూ ఒప్పుకున్నారు. నాలుగు గంటలకు నా పర్యవేక్షణలో బుట్టలు మారాయి. కాఫీలు తాగాం. వచ్చేవారం వ్యాసానికి పేరు కూడా ఆలోచించుకున్నాను.

వియ్యంకుడు పంపింది వాడకుండా మూల పెట్టడం ఈ సీమలో ఎంత అమర్యాదో నాకు తట్టలేదు.

సాయంత్రం చర్చిలో పెళ్ళయ్యాక ఊరేగింపు ఇంటిముందు పందిరి దగ్గరికి రాగానే ఆనందరావుగారు "మాస్టారు పంపేరు, కాల్చకపోతే ఏవనుకుంటారండీ?" అంటూ ఒక ఔటు అంటించారు.

సత్యానందం కరిగిపోయాడు. "చూసేవా? మనవి ఆయన కాల్చేరు. ఆయనవి నేను దాచుకుంటే ఏం బావుంటుంది?" అని రెండు అంటించాడు.

పంతానికైతే ఎక్కడో ఒకచోట విసుగొస్తుంది. మర్యాదకు ఆ విసుగు కూడా లేదు. అయిదు బుట్టలూ అయ్యేదాకా ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుంటూ కాల్చారు. ఆఖరి తారాజువ్వ తిన్నగా కొబ్బరాకుల పందిరెక్కింది.

పందిరి భగ్గున అంటుకుంది. వియ్యంకులిద్దరూ పరుగెత్తి ఒకే బకెట్టు పట్టుకున్నారు.

"మీరుండండి బావగారూ, నేను పోస్తాను."

"అబ్బే, మగపెళ్ళివారు, మీ చేత నీళ్ళు మోయిస్తామాండీ?"

బకెట్టు ఎవరిదో తేలేలోపు పందిరి బూడిదైంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆరుబయటే విస్తళ్ళు వేశారు. సుశీల నా వైపు ఒక్కసారి చూసింది. నేను సిగ్గుతో విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాను, అయినా కాజాలు మూడుసార్లు వడ్డించారు.

మర్నాడు పొద్దున్నే తిరుగు పడవ. ఈ దారిన వచ్చేవారికి నేను చెప్పగలిగేది ఇంతే: గోదావరి గాలి చల్లగా ఉంటుంది, భోజనం అద్భుతం, మనుషులు బంగారం, సలహాలు మాత్రం ఇంట్లోనే వదిలి రండి. సాగనంపడానికి రేవుదాకా వచ్చిన సత్యానందం పడవ కదులుతుండగా కేకేశాడు.

"ఒరేయ్, సుశీల చెప్పమంది! దాని చెల్లెలి పెళ్ళికి నీకు తప్పకుండా శుభలేఖ పంపుతుందట. పెళ్ళయిపోయేకా!"